కార్డు కొనాలా, మానాలా? లెక్క వేసి చెబుదాం

"ఏడాదికి రూ. 300 చెల్లించి సభ్యులుగా చేరండి. మీరు కొనే ప్రతి వస్తువు మీద 5 శాతం తగ్గింపు పొందండి!"

ఇలాంటి ప్రకటనలు మీరు చూసే ఉంటారు. విశాఖపట్నంలో జగదాంబ కూడలి నుంచి గాజువాక దాకా ఒకసారి బస్సులో వెళ్తూ దుకాణాల బోర్డులు చదవండి. తగ్గింపు, రాయితీ, ఒకటి కొంటే ఒకటి ఉచితం, సభ్యులకు ప్రత్యేక ధర అంటూ ఎన్నో కనిపిస్తాయి. ఇప్పుడైతే సెల్‌ఫోనులో కూడా ఇవే కనిపిస్తున్నాయి. చూసిన ప్రతివారికీ కలిగే ప్రశ్న ఒక్కటే: ఇందులో చేరితే మనకు లాభమా, నష్టమా?

"5 శాతం తగ్గుతుంది కదా, లాభమే" అని ఒకరంటారు. "ముందుగా 300 పోతుంది కదా, నష్టమే" అని ఇంకొకరంటారు. ఇద్దరూ సగం సగం నిజమే చెబుతున్నారు. మిగిలిన సగం తేలాలంటే లెక్క వేయాలి. ఆ లెక్కకు కావలసిన సాధనం మీ తరగతి పుస్తకంలోనే ఉంది. దాని పేరు బీజగణితం.

మాటల లెక్క మనకు కొత్తది కాదు

పరీక్షలో సమీకరణం ఇస్తే చకచకా సాధించే విద్యార్థి కూడా అదే లెక్కను మాటల్లో ఇస్తే తడబడతాడు. కాని మన పూర్వులకు గణితమంటే చాలావరకు మాటల లెక్కలే. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. వ్యాపారం, వడ్డీ, పంపకాలకు సంబంధించిన లెక్కలు అందులో ఎన్నో ఉన్నాయి. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. తెలుగులో మొదటి గణిత గ్రంథం ఇదే. అంటే తెలుగువాడు శతాబ్దాల క్రితమే పద్యం చదివి, అర్థం చేసుకుని, అందులోని లెక్క తేల్చేవాడన్నమాట.

తెలియని రాశికి ఒక పేరు పెట్టుకోవడం బీజగణితంలో మొదటి మెట్టు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం'లో మొదటి అవ్యక్త రాశిని 'యావత్తావత్' అన్నాడు. ఎంత ఉంటే అంత అని దాని అర్థం. దానిని పొడి అక్షరంగా 'యా' అని రాసేవారు. రెండో అవ్యక్తం, మూడో అవ్యక్తం కావలసి వస్తే కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లు పెట్టేవారు. తెలిసిన సంఖ్యను 'రూపం' అని, క్లుప్తంగా 'రూ' అని రాసేవారు. మనం రూపాయలకు రాసే 'రూ.' వేరు, అది వేరు. అయినా ఈనాటి మన లెక్కకు ఆ రెండూ చక్కగా అమరుతాయి!

బాగ్దాదు నగరంలో 9వ శతాబ్దంలో ఉన్న అల్ ఖ్వారిజ్మీ రాసిన గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' అనే మాట నుంచి 'ఆల్జీబ్రా' అనే పేరు పుట్టింది. ఎక్స్, వై, జడ్ అక్షరాలను తెలియని రాశులకు వాడే అలవాటు ఫ్రాన్సు దేశస్థుడైన డెకార్ట్ 1637లో ప్రకటించిన 'జ్యామితి' గ్రంథంతో వ్యాపించింది. మీ పుస్తకంలో ఎక్స్ అని రాసేదాన్ని ఈ వ్యాసంలో మన సంప్రదాయం ప్రకారం 'య' అని రాద్దాం. అక్షరం మారినా లెక్క మారదు.

మాటల నుంచి సమీకరణానికి

ఇప్పుడు పై ప్రకటనను గణిత భాషలోకి మారుద్దాం. మూడు ప్రశ్నలు వేసుకోండి.

మొదటిది: తెలియనిది ఏది? ఆ కుటుంబం ఏడాదిలో ఆ దుకాణంలో ఎంత విలువైన సరుకు కొంటుందో మనకు తెలియదు. తగ్గింపు లేకుండా లెక్కిస్తే అయ్యే ఆ విలువను య రూపాయలు అనుకుందాం.

రెండవది: ఒక్కసారే ఇచ్చేది ఏది? సభ్యత్వ రుసుము 300. మీరు కిలో కందిపప్పు కొన్నా, బస్తా బియ్యం కొన్నా అది మారదు.

మూడవది: కొన్నకొద్దీ మారేది ఏది? తగ్గింపు. అది య లో 5 శాతం, అంటే 0.05య. తగ్గింపు పోగా చెల్లించేది 0.95య.

కాబట్టి,

కార్డు లేకపోతే ఖర్చు = య
కార్డు ఉంటే ఖర్చు = 300 + 0.95య

ఈ రెండూ ఎప్పుడు సమానమవుతాయి?

య = 300 + 0.95య
య − 0.95య = 300
0.05య = 300
య = 300 ÷ 0.05 = 6,000

ఏడాదికి రూ. 6,000 విలువైన సరుకు కొంటే కార్డు ఉన్నా లేకపోయినా ఒకటే. అంతకంటె ఎక్కువ కొంటే లాభం, తక్కువ కొంటే నష్టం. దీనిని సమతూక స్థానం అందాం. సరిచూద్దాం: 6,000 లో 5 శాతం 300. అదే మనం కట్టిన రుసుము. సరిపోయింది.

నెలకు లెక్కిస్తే ఇది రూ. 500. ఇప్పుడు ఈ ప్రశ్న అమ్మనో నాన్ననో అడగండి: "ఆ దుకాణంలో నెలకు ఐదు వందలకు మించి కొంటామా?" ఈ ప్రశ్నకు ఇంట్లో ఎవరైనా జవాబు చెప్పగలరు. "కార్డు మంచిదేనా?" అన్న ప్రశ్నకు మాత్రం ఎవరూ ఊరికే జవాబు చెప్పలేరు. తేల్చలేని ప్రశ్నను తేల్చగల ప్రశ్నగా మార్చడమే ఈ సమీకరణం చేసిన పని.

ఇందులో ఒక సూత్రం కూడా దాగి ఉంది. రుసుమును చ అని, తగ్గింపు రేటును త అని అనుకుంటే,

సమతూక స్థానం: య = చ ÷ త

రుసుము రూ. 250, తగ్గింపు 10 శాతం అయితే 250 ÷ 0.10 = 2,500. ఇక ఏ ప్రకటన కనిపించినా నోటితోనే తేల్చేయవచ్చు.

గ్రాఫు గీసి చూడండి

రెండు ఖర్చులకు రెండు గీతలు గీస్తే అవి దాదాపు ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. ఎక్కడ కలిశాయో గ్రాఫు కాగితం మీద పోల్చుకోవడం కష్టం. దానికంటె మిగులును గీయడం మంచిది. మిగులును మ అందాం:

మ = 0.05య − 300

అడ్డంగా 1 సెం.మీ.కు రూ. 1,000, నిలువుగా 1 సెం.మీ.కు రూ. 100 చొప్పున తీసుకోండి. (0, −300), (6,000, 0), (12,000, 300) అనే మూడు బిందువులు గుర్తించి కలపండి. సరళరేఖ వస్తుంది. అది సున్నాకు కింద, 300 లోతులో మొదలై, పైకి ఎక్కుతూ 6,000 దగ్గర అడ్డగీతను దాటుతుంది. రేఖ ఎంత లోతులో మొదలైందో అది రుసుము. ఎంత వాలుగా ఎక్కుతోందో అది తగ్గింపు రేటు. రుసుము పెంచితే గీత మొత్తం కిందికి జరుగుతుంది. తగ్గింపు పెంచితే గీత నిటారుగా లేస్తుంది.

పూర్ణసంఖ్య కావలసిన చోట

ఆర్టీసీ వారు క్యాట్ కార్డు, వనితా కార్డు అనే పేర్లతో రాయితీ కార్డులు అమ్మిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుండవచ్చు. కార్డు ఉన్నవారికి టికెట్టు మీద 10 శాతం తగ్గేది. అలాంటి కార్డు మీద ఒక లెక్క వేద్దాం. కార్డు ధర రూ. 250 అనుకుందాం. విశాఖ నుంచి ఒక ఊరికి టికెట్టు రూ. 80 అనుకుందాం. ఒక్కొక్క ప్రయాణానికి మిగిలేది రూ. 8. ఎన్ని ప్రయాణాలు చేస్తే కార్డు ఖరీదు రాబడుతుంది?

8య = 250, కనుక య = 31.25

బస్సులో పావు ప్రయాణం ఎవరూ చేయరు! ఇక్కడ సమీకరణానికి బదులు అసమీకరణం వాడాలి: 8య > 250. దీనికి సరిపోయే అతి చిన్న పూర్ణసంఖ్య 32. సరిచూడండి: 31 ప్రయాణాలకు మిగిలేది 248, ఇంకా రెండు రూపాయల నష్టం. 32 ప్రయాణాలకు 256, ఆరు రూపాయల లాభం. వెళ్లి రావడం రెండు ప్రయాణాలు కాబట్టి 16 సార్లు వెళ్లి వచ్చేవారికి కార్డు గిట్టుబాటవుతుంది. 31.25 వచ్చింది కదా అని దాన్ని 31గా సవరించి రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. దశాంశాన్ని సవరించే ముందు మళ్లీ ప్రశ్న దగ్గరకు వెళ్లి చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న 'స్త్రీ శక్తి' పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించారు. మన సూత్రం భాషలో చెప్పాలంటే చ = 0, త = 1. సమతూక స్థానం సున్నా, అంటే మొదటి ప్రయాణం నుంచే పూర్తి ఆదా.

రెండు కార్డులు ఉంటే?

ఒక దుకాణం రెండు రకాల కార్డులు ఇస్తోందనుకోండి. భాస్కరుని రంగులనే వాడుకుందాం. నీలి కార్డుకు రుసుము రూ. 200, తగ్గింపు 5 శాతం. పసుపు కార్డుకు రుసుము రూ. 500, తగ్గింపు 8 శాతం.

సూత్రం ప్రకారం నీలి కార్డు 4,000 దాటితే లాభం. పసుపు కార్డు 500 ÷ 0.08, అంటే 6,250 దాటితే లాభం. ఏడాదికి 8,000 కొనే కుటుంబం "మేము 6,250 దాటాం కదా, పసుపు కార్డు తీసుకుందాం" అనుకుంటుంది. తొందరపడకండి. మూడు ఖర్చులూ పోల్చండి:

కార్డు లేకుండా: 8,000
నీలి కార్డుతో: 200 + 7,600 = 7,800
పసుపు కార్డుతో: 500 + 7,360 = 7,860

పసుపు కార్డు లాభమే, కాని నీలి కార్డు ఇంకా లాభం! రెండు కార్డులను ఒకదానితో ఒకటి పోల్చాలంటే వేరే సమీకరణం కావాలి:

200 + 0.95య = 500 + 0.92య
0.03య = 300
య = 10,000

కాబట్టి తీర్పు ఇది: 4,000 లోపు అయితే కార్డు వద్దు. 4,000 నుంచి 10,000 వరకు నీలి కార్డు. 10,000 దాటితే పసుపు కార్డు. ఏమీ లేకపోవడంతో పోల్చి తృప్తిపడకుండా, ఉన్న మార్గాలన్నిటినీ ఒకదానితో ఒకటి పోల్చాలి.

పక్క దుకాణాన్ని మరిచిపోకండి

మొదటి లెక్కలో మనం ఒక విషయం మాట్లాడకుండానే ఒప్పుకున్నాం. కార్డు లేకపోతే అదే ధరకు కొంటామని అనుకున్నాం. నిజానికి కార్డు లేని మనిషి ఆ దుకాణానికే వెళ్లాలని ఏముంది? పూర్ణా మార్కెట్‌కు వెళ్లవచ్చు, రైతుబజారుకు వెళ్లవచ్చు. ఆ సరుకే వేరొక చోట 3 శాతం చవకగా దొరుకుతుందనుకుందాం. అప్పుడు,

300 + 0.95య = 0.97య
0.02య = 300
య = 15,000

సమతూక స్థానం 6,000 నుంచి ఒక్కసారిగా 15,000కు జరిగింది! ప్రకటనలో ఒక్క అక్షరం మారలేదు. మారినదల్లా మనం దేనితో పోల్చామన్నదే. పక్క దుకాణంలో 5 శాతం చవకగా దొరికితే? 0.95య రెండు వైపులా కొట్టివేస్తే 300 = 0 అని మిగులుతుంది. అది అసాధ్యం. అంటే ఎంత కొన్నా ఆ కార్డు గిట్టుబాటు కాదని అర్థం. సాధన లేని సమీకరణం పరీక్షలో వస్తే విద్యార్థులు కంగారుపడతారు. ఇక్కడ చూడండి, 'సాధన లేదు' అన్నదే ఒక చక్కటి జవాబు.

శాతాలు కూడితే తప్పు

"ముందుగా 20 శాతం, దానిపై మరో 10 శాతం తగ్గింపు." ఇది 30 శాతమా? కాదు. రూ. 1,000 వస్తువు 20 శాతం తగ్గితే 800. ఆ 800 మీద 10 శాతం 80. మిగిలేది 720. అంటే మొత్తం తగ్గింపు 28 శాతమే. సూక్ష్మంగా 0.8 × 0.9 = 0.72. తగ్గింపులను కూడకూడదు, మిగిలే భాగాలను గుణించాలి. గుణకారంలో వరుస మారినా ఫలితం మారదు కాబట్టి ముందు 10, తరువాత 20 అన్నా అదే 720. పన్ను సంగతీ అంతే. శాతంగా వేసే పన్నును తగ్గింపుకు ముందు లెక్కించినా, తరువాత లెక్కించినా చివరి మొత్తం ఒకటే.

కాని శాతంతోపాటు రొక్కం తగ్గింపు కలిస్తే వరుస ముఖ్యం. వెయ్యి రూపాయల వస్తువుకు ముందు రూ. 100 తీసి, ఆపై 10 శాతం తగ్గిస్తే 810. ముందు 10 శాతం తగ్గించి, తరువాత రూ. 100 తీస్తే 800. పది రూపాయల తేడా! అక్షరాల్లో రాస్తే కారణం తెలుస్తుంది. మొదటిది 0.9 × (య − 100) = 0.9య − 90. రెండోది 0.9య − 100. మొదటి పద్ధతిలో ఆ వంద రూపాయల తగ్గింపు కూడా 10 శాతం తగ్గిపోయింది.

ఇంకొకటి. ధర 25 శాతం పెంచి, దానిపై 20 శాతం తగ్గింపు అని బోర్డు కట్టారనుకోండి. 1.25 × 0.8 = 1. మీరు ఇచ్చేది పాత ధరే! ఎంత శాతం తగ్గిందని అడిగేవాడు, ఎంత మీద తగ్గిందని కూడా అడగాలి.

వెనక్కి వెళ్లే లెక్కలో విద్యార్థులు ఎక్కువగా పొరబడతారు. "20 శాతం తగ్గింపు పోగా బొమ్మ ధర 720. అసలు ధర ఎంత?" 720కి దానిలో 20 శాతం కలిపి 864 అంటారు. కాని ఆ 20 శాతం అసలు ధర మీద తీసినది, 720 మీద కాదు. 0.8య = 720, కనుక య = 900.

ఓడకూ ఉంది సభ్యత్వ రుసుము

కొంత స్థిరంగా, కొంత మారుతూ ఉండే ఈ ఖర్చు దుకాణాలకే పరిమితం కాదు. 1933లో ప్రారంభమైన మన విశాఖ ఓడరేవునే చూడండి. రేవులోకి వచ్చిన ఓడ రేవు సుంకం, పైలటు రుసుము చెల్లించాలి. ఇవి ఓడ పరిమాణాన్ని బట్టి ఉంటాయి, అందులో సరుకు ఎంత ఉన్నదన్న దాన్ని బట్టి కాదు. సరుకు మీద రుసుము మాత్రం టన్నుల లెక్కన పడుతుంది. ఒక ఓడ ప్రయాణానికి స్థిర ఖర్చులన్నీ కలిపి రూ. 30 లక్షలని, టన్నుకు మరో రూ. 100 ఖర్చని లెక్క కోసం అనుకుందాం. అప్పుడు టన్నుకు సగటు ఖర్చు:

30,00,000 ÷ య + 100

అదే ఓడ 50,000 టన్నులతో వస్తే టన్నుకు 60 + 100 = 160 రూపాయలు. లక్ష టన్నులతో వస్తే 30 + 100 = 130 రూపాయలు. ఓడ ఖాళీగా రాకూడదని, నిండుగా రావాలని వర్తకులు ఎందుకు తాపత్రయపడతారో ఇప్పుడు అర్థమైంది కదా! 1976లో విశాఖలో వెలుపలి రేవు వచ్చాక పెద్ద ఓడలు బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఒకేసారి భారీగా తీసుకువెళ్లడానికి వీలు కలిగింది. దాని వెనుక ఉన్నదీ ఈ భాగహారమే.

ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. అలాంటి కొలిమిని ఒకసారి వెలిగించాక రాత్రింబవళ్లు వేడి తగ్గకుండా కాపాడాలి. ఉక్కు తక్కువ తీసినంత మాత్రాన ఆ ఖర్చు అదే నిష్పత్తిలో తగ్గదు. అందుకే పెద్ద కర్మాగారం పూర్తి సామర్థ్యంతో నడిస్తేనే టన్ను ఉక్కు చవకగా పడుతుంది.

మీ ఇంటి కరెంటు బిల్లు తీసి చూడండి. యూనిట్ల చార్జీ ఒక వరుసలో, స్థిర చార్జీ ఇంకొక వరుసలో ఉంటాయి. కరెంటు వాడినా వాడకపోయినా స్తంభాలు, తీగలు, యంత్రాలు సిద్ధంగా ఉండాలి కదా, వాటి ఖర్చును వేరుగా లెక్కించాలని 1892లోనే జాన్ హాప్కిన్సన్ అనే ఆంగ్ల ఇంజనీరు ఒక ప్రసంగంలో వివరించాడు. ఆ ఆలోచన నుంచే రెండు భాగాల చార్జీ పద్ధతి వచ్చింది.

రుసుము వేరు, వాటా వేరు

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. కొన్ని చోట్ల ఇచ్చిన డబ్బు తిరిగి రాదు, అది రుసుము. గ్రంథాలయంలో కట్టే డిపాజిట్టు సభ్యత్వం మానుకున్నప్పుడు తిరిగి వస్తుంది. సహకార సంఘంలో కట్టేది వాటా ధనం. దాంతో మనం ఆ సంఘానికి యజమానులలో ఒకరం అవుతాం.

1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ పట్టణంలో 28 మంది శ్రామికులు తలా ఒక పౌను వాటా వేసుకుని చిన్న దుకాణం తెరిచారు. వారిలో నేతపనివారు ఉన్నారు. కల్తీ లేని సరుకును సరైన తూకంతో అమ్మి, మిగిలిన లాభాన్ని సభ్యులకు పంచారు. ఎవరు ఎంత వాటా పెట్టారన్న దాన్ని బట్టి కాక, ఎవరు ఎంత కొన్నారన్న దాన్ని బట్టి పంచడం అందులో విశేషం. అంటే అది ఏడాది చివర చేతికందే తగ్గింపు. 1904లో చెన్నపట్నంలో ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ కూడా ఈ దారిలోనే పుట్టింది. విశాఖపట్నం అప్పట్లో మద్రాసు రాజధానిలోనే ఉండేది.

తిరిగి వచ్చే డిపాజిట్టు అయితే మన లెక్క మారిపోతుంది. రూ. 300 డిపాజిట్టు కడితే పోయేది 300 కాదు. ఆ డబ్బు పొదుపు ఖాతాలో ఉంటే వచ్చే వడ్డీ మాత్రమే పోతుంది. వడ్డీ 4 శాతం అనుకుంటే ఏడాదికి 12 రూపాయలు. 5 శాతం తగ్గింపుకు సమతూక స్థానం 12 ÷ 0.05 = 240. ఎక్కడి 6,000, ఎక్కడి 240! కాబట్టి సంతకం పెట్టే ముందు అడగవలసిన ప్రశ్న: "ఈ డబ్బు తిరిగి ఇస్తారా?"

ఎవరికి లాభం?

మొదటి కార్డుకే తిరిగి వద్దాం. నలుగురి లెక్క చూడండి.

నెలకు 400 కొనేవారు: ఏడాదికి 4,800; తగ్గింపు 240; నికరంగా 60 నష్టం.
నెలకు 500 కొనేవారు: ఏడాదికి 6,000, తగ్గింపు 300, లాభనష్టాలు లేవు.
నెలకు 1,000 కొనేవారు: ఏడాదికి 12,000, తగ్గింపు 600, నికరంగా 300 లాభం, అంటే 2.5 శాతం.
నెలకు 2,000 కొనేవారు: ఏడాదికి 24,000, తగ్గింపు 1,200, నికరంగా 900 లాభం, అంటే 3.75 శాతం.

ప్రకటనలో అందరికీ 5 శాతం అన్నారు. కాని రుసుము తీసేశాక ఒక్కరికీ 5 శాతం దక్కలేదు. ఎంత ఎక్కువ కొన్నా దానికి దగ్గరవుతారేగాని అందుకోలేరు. ఎందుకంటే అసలు ఆదా రేటు త − చ ÷ య. య ఎంత పెరిగినా చ ÷ య సున్నా కాదు. ఇంకా ముఖ్యమైన సంగతి, నష్టపోయినవారు అందరికంటె తక్కువ కొనేవారు. రోజుకూలీ మీద బతుకుతూ ఏ రోజు సరుకు ఆ రోజు తెచ్చుకునే ఇంటికి ఆ 300 రూపాయలు ఎన్నో పూటల కూరగాయలు. అలాంటి ఇంట్లో ఈ లెక్క వేయగల పిల్లవాడు ఉంటే, లేదా పిల్ల ఉంటే, ఆ చదువు ఆ రోజే ఫలితం ఇచ్చినట్లు.

ఇంకో చిక్కు కూడా ఉంది. కార్డు కొని పది నెలలైంది. ఇంతవరకు వచ్చిన తగ్గింపు 200. "ఇంకా వంద రాబట్టాలి, రెండు వేల సరుకు కొనేద్దాం" అంటారు ఇంట్లో. అవసరమైన సరుకైతే సరే. అవసరం లేనిదైతే 100 రూపాయలు రాబట్టడానికి 1,900 ఖర్చు పెట్టినట్లవుతుంది. కొంటే అయ్యే ఖర్చు 300 + 1,900. కొనకపోతే 300 + 0. రెండు వైపులా ఉన్న 300ను కొట్టివేయండి. అది ఎలాగూ పోయింది, ఇప్పటి నిర్ణయంలో దానికి చోటు లేదు.

ఈ నెలలోనే మీరు ఒక పని చేయండి. మీ వీధిలో కనిపించిన ఒక ప్రకటనను నోటుపుస్తకంలో రాసుకోండి. చ ఎంత, త ఎంత, డబ్బు తిరిగి వస్తుందా, ఒక్కో బిల్లుకు గరిష్ఠ పరిమితి ఉందా, పక్క దుకాణంలో ధర ఎంత? ఇవన్నీ కనుక్కుని సమతూక స్థానం లెక్కకట్టండి. తరువాత మీ ఇంటి నెలవారీ ఖర్చు అడిగి, తీర్పు మీ ఇంట్లోవారికి వివరించండి. వారికి అర్థమయ్యేలా చెప్పగలిగితే ఈ పాఠం మీకు వచ్చినట్లే.

మీరే చేయండి

1. ఒక ఈత కొలనులో సభ్యులకు ఏడాదికి రూ. 600 రుసుము, ప్రతిసారీ రూ. 20. సభ్యులు కానివారికి ప్రతిసారీ రూ. 50. కనీసం ఎన్నిసార్లు ఈతకు వెళ్తే సభ్యత్వం లాభం?

2. 15 శాతం తగ్గింపు పోగా చొక్కా ధర రూ. 680. ప్రకటన వెల ఎంత?

3. 30 శాతం తగ్గింపు, దానిపై మరో 20 శాతం తగ్గింపు. రెండూ కలిసి ఒకే తగ్గింపుగా ఎంత శాతం?

4. ఒక దుకాణం కార్డు రూ. 400, తగ్గింపు 8 శాతం. కార్డు లేకుండానే పక్క దుకాణంలో అవే సరుకులు 3 శాతం చవక. ఏడాదికి ఎంత విలువైన సరుకు దాటితే కార్డు లాభం?

5. ధరను 60 శాతం పెంచారు. పాత ధర రావాలంటే ఎంత శాతం తగ్గింపు ఇవ్వాలి?

జవాబులు: 1) 21 సార్లు (20 సార్లకు రెండూ సమానం), 2) రూ. 800, 3) 44 శాతం, 4) రూ. 8,000, 5) 37.5 శాతం.